పట్టుముక్కకు రెండే మడతలు

మెడలో గొలుసు లేదు. చెవులకు కమ్మలు లేవు, చేతులకు గాజులు లేవు, ముక్కుకు పుడక లేదు. రెండు వందల ఏళ్ళ కిందటి జపాన్ స్త్రీల చిత్రాలు చూసిన తెలుగువాళ్ళకు మొదట తట్టేది ఈ లేమే. ఒంటినిండా పట్టు కిమోనో, నడుము చుట్టూ జానెడు వెడల్పు పటకా, అంతే. సింగారమంతా తలమీదికి ఎక్కింది. ఎత్తుగా చుట్టిన కొప్పు, అందులో దువ్వెనలు, పుల్లలు, సూదులు, వాటి చివర వేలాడే పూలగుత్తులు. తలలో గుచ్చుకునే ఈ నగలన్నిటినీ కలిపి కన్‌జాషి అంటారు. తాబేటిచిప్పతో, వెండితో, లక్కపూత వేసిన కర్రతో చేసినవి వాటిలో ఉన్నాయి. గుడ్డముక్కలతో చేసినవీ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ గుడ్డ పూల గురించి.

గుడ్డపూల పనిని త్సుమామి జైకు అంటారు. చిన్న చదరపు పట్టుముక్కను పట్టకారుతో నొక్కిపట్టి, మడిచి, రేకుగా మార్చి, రేకులను పేర్చి పువ్వు చేయడం. సూదీ దారమూ లేవు, కుట్టు లేదు, అంచు మడిచే పని లేదు. చేమంతి, ప్లమ్, చెర్రీ, విస్టేరియా, కొంగ, సీతాకోకచిలుక, ఏది చేసినా మొదలు ఒక చదరపు ముక్కే. మన కంసాలులు చేమంతి బిళ్ళను బంగారంతో చేసి జడకు తగిలించారు. అదే చేమంతిని వాళ్ళు అంగుళం గుడ్డముక్కలతో కొప్పులో నిలబెట్టారు.

తలలో పువ్వు పెట్టుకోవడం జపాన్‌లో చాలా పాత అలవాటు. హేయాన్ కాలపు రాజసభలో మగవాళ్ళు కూడా విస్టేరియా, చెర్రీ కొమ్మలను టోపీలో తురుముకునేవారు. ఆడవాళ్ళు జుట్టు వదులుగా వీపు మీదికి వదిలేసేవారు కాబట్టి వాళ్ళ తలలో నగలకు చోటే ఉండేది కాదు. ఎడో కాలంలో (1603–1868) కొప్పులు పెరిగాయి, వాటితోపాటు కన్‌జాషీ పెరిగింది. గుడ్డపూల పని క్యోటోలో పుట్టి, సైనిక పాలకులైన షోగున్ల రాజధాని ఎడోకు, అంటే నేటి టోక్యోకు, చేరిందని చెబుతారు. కిమోనో కుట్టగా మిగిలిన పట్టు పీలికలు దీనికి మొదటి ముడిసరుకు. 1841లో మొదలైన షోగున్ ప్రభుత్వపు తెంపో సంస్కరణలు ఆడంబరాల మీద విరుచుకుపడినప్పుడు వెండి, బంగారు తలనగలకు గడ్డుకాలం వచ్చింది. గుడ్డముక్కను ఎవరు పట్టించుకుంటారు? రాజధాని చూసిపోయే పల్లెవాళ్ళకు కూడా ఇది నచ్చింది. బరువు లేదు, ధర తక్కువ, ఇంట్లో ఆడపిల్లకు ఇస్తే మురిసిపోతుంది.

ఇక పని దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ కళ గొప్పదనమంతా పనితీరులోనే ఉంది. పువ్వు అందం చూసి చాలామంది అసలు సంగతిని దాటిపోతారు.

మొదట గుడ్డ. సంప్రదాయంగా వాడేది హబుతాయె అనే పలుచని, మెత్తని సాదా నేత పట్టు. జరీ లేదు, బుటా లేదు. దాని బరువును మొమ్మె అనే లెక్కలో చెబుతారు. ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. నాలుగు మొమ్మెల హబుతాయె చదరపు మీటరు సుమారు 17 గ్రాములే. చిన్న రేకులకు ఇలాంటి పలుచనివి, పెద్ద రేకులకు పది మొమ్మెల దాకా బరువైనవి వాడతారు. తెల్ల పట్టే తెచ్చుకుని రంగు తామే అద్దుకునే పనివాళ్ళున్నారు. కత్తిరించిన ముక్కలను దొంతరగా పట్టుకుని ఒక మూలను మాత్రం రంగులో తాకిస్తే, రేకు మొదట్లో ముదురుగా, కొసకు వచ్చేసరికి లేతగా రంగు పాకుతుంది. నిజం పువ్వు కూడా అంతే కదా, ఏ రేకూ ఒకే రంగులో ఉండదు. ఈ కాలంలో ముడతల పట్టు చిరిమెన్‌ను, నూలును, పాలియెస్టర్‌ను కూడా వాడుతున్నారు. చిరిమెన్ మందం, దానితో పెద్ద పూలు బాగుంటాయి, చిన్న రేకు మాత్రం మొద్దుగా వస్తుంది.

తరవాత కత్తిరింపు. చదరం అంటే చదరమే. నాలుగు భుజాలూ సమంగా, నేత పోగు వెంట నేరుగా ఉండాలి. రెండు సెంటీమీటర్ల ముక్కలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే మడిచినప్పుడు కొసలు కలవవు. కొసలు కలవని రేకును ఎంత సర్దినా పువ్వులో అది ఒక్కటే కంట్లో నలుసులా కనబడుతుంది.

ఇప్పుడు మడత. ప్రధానంగా రెండే ఉన్నాయి. కొసరేకు కావాలంటే చదరాన్ని ఐమూలగా మడిచి త్రిభుజం చేస్తారు, దాన్ని సగానికి మడిచి చిన్న త్రిభుజం చేస్తారు, మళ్ళీ ఒకసారి సగానికి మడుస్తారు. కత్తిమొనలాంటి రేకు వస్తుంది. చేమంతికి, డాలియాకు, ఆకులకు, కొంగ ఈకలకు ఇదే. గుండ్రని రేకు కావాలంటే రెండో మెట్టు దాకా అదే దారి. మూడోసారి సగానికి మడవకుండా రెండు కొసలనూ చెరొకవైపు బయటికి తిప్పి పై మొనకు కలుపుతారు. రేకు పొట్ట ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది. ప్లమ్ పువ్వు, విస్టేరియా దీనితోనే. గుండ్రని రేకు కొసను కాస్త లోపలికి నొక్కి గాటు తెస్తే చెర్రీ అవుతుంది. రెండు రంగుల ముక్కలను కలిపి మడిస్తే లోపలొక రంగు, బయటొక రంగు. తక్కిన రకాలన్నీ ఈ రెండింటి పిల్లలే.

ఇందులో ఒక కిటుకు ఉంది. మడత ఐమూలగా పడుతుంది కాబట్టి రేకు వెన్ను నేత పోగు వెంట కాకుండా పోగులకు అడ్డంగా, వాలుగా వస్తుంది. మన దర్జీలు దీన్నే క్రాస్ అంటారు. నేరుగా కత్తిరించిన గుడ్డ సాగదు, క్రాస్ సాగుతుంది, ఒంపు తిరుగుతుంది. అందుకే త్సుమామి రేకు కాగితం మడతలా బిర్రబిగుసుకుని ఉండదు. ఒంపు గుడ్డలోనే ఉంది, చేతులు దాన్ని బయటికి తెస్తాయి. రెండో సంగతి కూడా ఈ మడతలోనే దాగి ఉంది. ఇలా మడిచాక కత్తిరించిన పచ్చి అంచులన్నీ రేకు అడుగుకు చేరతాయి. పైకి కనబడేది మడతే. పోగులు ఊడే అంచు జిగురులో మునిగిపోతుంది. అంచు కుట్టే పని, కాల్చే పని రెండూ తప్పాయి.

ఇక్కడ జిగురు గురించి ఆగి చెప్పాలి. త్సుమామి నేర్పేవాళ్ళు మడతల గురించి గంటలు చెబుతారు, చూసేవాళ్ళకూ మడతలే అబ్బురం. కానీ ఈ కళ ప్రాణం జిగురులో ఉందని నా అభిప్రాయం. వాడేది బియ్యపు పిండిపదార్థంతో చేసిన జిగురు. దాన్ని చెక్కపలక మీద వేసి, చెక్క గరిటెతో ఉండలు లేకుండా, గాలి బుడగలు లేకుండా మెదుపుతారు. మెదపడం పొద్దున పని. మెదిపిన జిగురును పలకమీద సమమైన మందంలో పరుస్తారు. మడిచిన ప్రతి రేకునూ పట్టకారుతో తెచ్చి ఆ పొరలో వరసగా నిలబెడతారు. జిగురు తగిన గట్టిగా ఉంటే రేకు పడిపోదు, మడత విడిపోదు. ఒక వరుస నిండేలోపు ముందు పెట్టిన రేకులు అడుగున కావలసినంత జిగురు పీల్చుకుంటాయి. అప్పుడు వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి, గుడ్డ చుట్టిన అట్టబిళ్ళ మీద పేరుస్తారు. బిళ్ళ అడుగున ముందే తీగ కాడ అమర్చి ఉంటుంది.

పేర్చడం పూర్తయిన పువ్వు ఇంకా పువ్వు కాదు. రేకులు ముడుచుకుని, ఒకదానికొకటి అతుక్కుని మొగ్గలా ఉంటాయి. జిగురు ఆరేలోపు పట్టకారు మొనతో ప్రతి రేకునూ విప్పుతారు. ఒకదాన్ని కాస్త వెడల్పు చేస్తారు, ఇంకోదాన్ని పక్కకు వాలుస్తారు, నడుమ రేకులను ఎత్తి నిలబెడతారు. బియ్యపు జిగురు నిదానంగా ఆరుతుంది కాబట్టే ఇది కుదురుతుంది. వానాకాలం ఒకలా, పొడి గాలి వీచే చలికాలం ఒకలా ఆరుతుంది. దాన్నిబట్టి పనివాళ్ళు నీళ్ళు సరిచూసుకుంటారు. ఈ విప్పే పనిలోనే ఒకరి పువ్వుకూ ఇంకొకరి పువ్వుకూ తేడా తెలుస్తుంది. మడతలు అందరివీ ఒకటే. ఎంత విప్పాలో, ఎక్కడ ఆపాలో చెప్పే కొలత లేదు.

ఆ జిగురుకు ఇంకో గుణముంది. అది నీటికి లొంగుతుంది. తలలో పెట్టుకుని వానలో తిరిగితే పువ్వు పాడవుతుంది, నిజమే. కానీ అదే కారణంగా నలిగిన రేకును తడిచేసి, మెత్తబరచి, మళ్ళీ నిలబెట్టవచ్చు. చెడిపోయిన రేకు ఒక్కదాన్ని తీసి కొత్తది పెట్టవచ్చు. అమ్మమ్మ పెట్టుకున్న కన్‌జాషిని బాగుచేయించి మనవరాలికి పెట్టడం అందువల్లే వీలవుతోంది. గ్లూగన్‌తో కరిగించి పోసే తుపాకీ జిగురుతో అతికించిన పువ్వుకు ఈ యోగం లేదు. అది ఊడితే ఊడినట్టే.

పువ్వులు ఆరాక కూర్పు. పది పన్నెండు పూల తీగలను ఒక గుత్తిగా పట్టుకుని, మెలిపెట్టని పట్టుపోగుతో గట్టిగా చుడతారు. నడుమ పుప్పొడి కాడలు అమరుస్తారు. వేలాడే తోరణాలు కావాలంటే సన్నని తాడు వెంట చిన్న చిన్న గుండ్రని రేకులను పైనుంచి కిందికి అతికిస్తారు. విస్టేరియా గుత్తి దిగినట్టే ఉంటుంది. పక్కన సన్నని వెండి రేకులు తగిలిస్తే నడిచినప్పుడు గలగలమంటాయి. పెద్ద చేమంతి ఒక్కదానికే వరుసల మీద వరుసలుగా వందకు పైగా రేకులు పట్టేవున్నాయి. కింది వరుస రెండు రేకుల సందులో పై వరుస రేకు కూర్చోవాలి. ఒక్కటి జరిగితే దాని పైవన్నీ జరుగుతాయి.

ఈ పని ఇప్పటికీ నిత్యవాడుకలో ఉన్న చోటు క్యోటో. అక్కడి అయిదు హనామచి పేటల్లో నాట్యగానాలు నేర్చుకుంటున్న మైకో అమ్మాయిలు నెలకొక పువ్వు మారుస్తారు. వాళ్ళ తల చూసి నెల చెప్పవచ్చు. ఫిబ్రవరిలో ప్లమ్, మార్చిలో ఆవపువ్వు, ఏప్రిల్‌లో చెర్రీ, మేలో విస్టేరియా, జూన్‌లో విల్లో కొమ్మ. జులై ఎండల్లో పువ్వులకు బదులు విసనకర్రలు వస్తాయి. ఆగస్టులో రెల్లు, సెప్టెంబరులో నీలి గంటపువ్వు, అక్టోబరులో చేమంతి, నవంబరులో ఎర్రబారిన మేపుల్ ఆకులు. డిసెంబరులో కొమ్మకు గుచ్చిన బియ్యప్పిండి ముద్దల ఆకారాలు, వాటితోపాటు రెండు చిన్న ఖాళీ పలకలు. క్యోటోలోని మినామిజా నాటకశాలకు వెళ్ళి, తమకు నచ్చిన కబుకి నటులచేత ఆ పలకల మీద పేర్లు రాయించుకుంటారు. అభిమానం చాటుకోవడానికి ఇంత ముచ్చటైన దారి నేనింకెక్కడా వినలేదు.

జనవరి సంగతి వేరే చెప్పాలి. కొత్త సంవత్సరం తొలి రోజుల్లో వాళ్ళు తలలో పెట్టుకునేది నిజమైన వరికంకి. గింజలతోనే ఉంటుంది. పక్కన కన్ను లేని తెల్ల పావురం బొమ్మ. ఇష్టమైనవారిచేత ఆ పావురానికి కన్ను గీయించుకోవడం ఆనవాయితీ అంటారు. కంకి నుంచి గింజలు తీసి డబ్బు సంచిలో దాచుకుంటే సిరి నిలుస్తుందని నమ్మకం. సంక్రాంతికి గుమ్మానికి వరికంకుల కుచ్చులు కట్టే గోదావరి జిల్లాలవాళ్ళకు దీన్ని వివరించనక్కరలేదు.

తొలి ఏడాది మైకోను ఆమె కన్‌జాషి వేలాడే తోరణం చూసి గుర్తుపడతారు. అనుభవం పెరిగేకొద్దీ తోరణం పోతుంది, పూలు తగ్గి పెద్దవవుతాయి. మైకో దశ దాటి గెయికో, అంటే పూర్తిస్థాయి కళాకారిణి, అయ్యాక పూలు దాదాపు పోతాయి. అంటే ఎక్కువ పూలు చిన్నవయసుకు గుర్తు. ఏది ఎవరు ఎప్పుడు పెట్టుకోవాలన్న ఈ పట్టింపు వల్లనే చేసేవాళ్ళకు ఏడాది పొడుగునా పని దొరుకుతోంది. ఆచారం సడలితే కళ నిలవదని అనేకచోట్ల చూశాం. ఇక్కడ ఆచారమే కూలి ఇస్తోంది.

తక్కిన జపాన్‌లో ఈ పని చాలావరకు పండుగలకు పరిమితమైంది. 1885లో పాశ్చాత్య తరహా సిగలను ప్రోత్సహించే స్త్రీల సంఘం ఒకటి ఏర్పడింది. పాత కొప్పులు నూనె పట్టి, బరువుగా, రోజుల తరబడి విప్పకుండా ఉండేవి. వాటిని వదలడం ఆడవాళ్ళకు హాయే. కానీ కొప్పు పోతే కన్‌జాషి ఎక్కడ నిలబడుతుంది? ఇప్పుడు పిల్లలకు మూడు, అయిదు, ఏడేళ్ళప్పుడు నవంబరులో జరిపే షిచి-గో-సాన్ పండుగకు, జనవరి రెండో సోమవారం ఇరవై ఏళ్ళవాళ్ళు పొడుగు చేతుల ఫురిసోదె కట్టే వేడుకకు, పెళ్ళిళ్ళకు మాత్రం గుడ్డపూలు బయటికి వస్తాయి. టోక్యో ప్రభుత్వం తన సంప్రదాయ హస్తకళల జాబితాలో ఎడో త్సుమామి కన్‌జాషిని చేర్చింది. పూర్తికాలం ఇదే బతుకుగా చేసుకున్నవాళ్ళు కొద్దిమందే. అభిరుచిగా నేర్చుకునేవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు.

అలా నేర్చుకుంటున్నవాళ్ళ చేతుల్లో ఈ పని కొప్పు దిగి వచ్చింది. చెవి కమ్మలు, కోటుకు పెట్టుకునే పిన్నులు, జుట్టు క్లిప్పులు, మెడకు హారాలు. జపాన్ బయట ఇది ఇంకో వేషం కట్టింది. పట్టుకు బదులు శాటిన్ రిబ్బను, బియ్యపు జిగురుకు బదులు తుపాకీ జిగురు, పోగులు ఊడకుండా అంచును కొవ్వొత్తి మంటలో చూపించడం. రష్యాలో బడిపిల్లల జడలకు కట్టే పూలకు కన్‌జాషి అనే పేరే స్థిరపడింది. మన ఊళ్ళలో పిల్లల క్లిప్పుల మీద కనబడే శాటిన్ పూలు చాలావరకు ఈ కొసరేకు, గుండ్రేకు మడతలే. యూట్యూబు చూసి ఇంట్లో కూర్చుని చేసి అమ్మేవాళ్ళలో చాలామందికి వాటి ఊరు తెలియదు. తెలియకపోవడం నేరమేమీ కాదు. నాలుగు రూపాయలు వస్తున్నాయి, పిల్లలు సంతోషిస్తున్నారు.

కానీ తేడా మాత్రం తేడాయే. తుపాకీ జిగురు క్షణాల్లో బిగుస్తుంది. రేకును ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోతుంది, విప్పడానికి సమయం ఇవ్వదు. శాటిన్ మందం, అంచు కాల్చితే గట్టిపడుతుంది. అందుకే రిబ్బను పువ్వు ఎంత నీటుగా చేసినా ఒకే అచ్చులో పోసినట్టు, అయిదు రేకులూ అయిదు కవలలై కూర్చుంటాయి. మడత వచ్చింది, జిగురు రాలేదు, దాంతో పువ్వు తెరుచుకోలేదు. చేతిపని విలువ గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని గంటలు పట్టిందని లెక్క చెప్పడం మనకు అలవాటు. గంటలు ముఖ్యం కాదు. ఆ గంటల్లో చేతికి నిర్ణయం తీసుకునే చోటు ఎక్కడ దొరికిందన్నది ముఖ్యం. త్సుమామిలో ఆ చోటు జిగురు తడిగా ఉన్న కాస్త సేపు.

నేత, అద్దకం, బొమ్మలద్దడం తెలిసినవాళ్ళు ఈ పనికి వస్తే మొదట తికమకపడతారు. వాళ్ళు గుడ్డను పరచి దాని మీద ఏదో వేయడానికి అలవాటుపడ్డారు. ఇక్కడ గుడ్డ మీద ఏమీ వేయరు, గుడ్డే పువ్వు కావాలి. రెండో చిక్కు, పువ్వును పోల్చుకోవడం. నిజం చెర్రీకి ఉన్న కేసరాలన్నీ, ఈనెలన్నీ ఇక్కడ పెట్టలేరు. రెండు మడతల్లో ఇమిడేది ఏమిటో ఏరుకోవాలి: చెర్రీకి కొసన గాటు, ప్లమ్‌కు గుండ్రదనం, చేమంతికి వరుసలు. చెట్టు కింద నిలబడి చూడటం పనిలో భాగమే. ఏది వదలాలో అక్కడే తెలుస్తుంది. మన పువ్వులు ఈ చూపుకు నిలుస్తాయా అంటే, నందివర్ధనం, గన్నేరు, చేమంతి సులువుగా లొంగుతాయని నా అంచనా. మందారానికి రేకు మరీ వెడల్పు, కనకాంబరానికి మరీ పల్చన.

ప్రయత్నించాలనుకునేవారికి ఒక మాట. జరీ లేని పాత పట్టు జాకెట్టు ముక్క తీసుకోండి. రెండున్నర సెంటీమీటర్ల చదరాలు కత్తిరించండి. బియ్యప్పిండిని నీళ్ళలో ఉడికించి చిక్కబరచి, చల్లారాక ఉండలు లేకుండా మెదపండి. మొనదేరిన పట్టకారు మందుల షాపులో దొరుకుతుంది. చేమంతి జోలికి వెళ్ళకండి, అయిదు రేకుల గుండ్రని పువ్వుతో మొదలుపెట్టండి. తుపాకీ జిగురు ఇంట్లో ఉంటే ఆ పూటకు దాన్ని అలమర మీద పెట్టేయండి.